రెండో పట్టీ

గవ్వలపేట సరుగుడు తోపులో చెట్లెన్నని ఊళ్ళో ఎవరినడిగినా నీళ్ళు నములుతారు గాని, హైమవతిని అడిగితే తడుముకోకుండా చెబుతుంది. మూడు వందల ఎనభై అయిదు. మొన్న మాఘమాసం దాకా నాలుగు వందల పదహారు ఉండేవి. ముప్ఫై ఒకటి కొట్టించేశారు. కొట్టించింది లేబొరేటరీ వాళ్ళు. కొట్టాలని చెప్పింది నాడిపెట్టె. ఆ పెట్టె చెప్పిన మాట కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టింది మాత్రం హైమవతే.

మూడు వందల ఎనభై అయిదు చెట్లు కూడా ఓ అడవేనా అని తీసిపారేయకండి. ఈ తీరం పొడుగునా ఇప్పుడు మిగిలినవి అవే. ఒకప్పుడు బస్సులో వెళ్తుంటే గంటసేపు కిటికీలోంచి సరుగుడు తోపులే కనబడేవి. తర్వాత బెరడు పొక్కు తెగులొచ్చింది. బెరడు కింద మసిలాంటి పొడి చేరి, పైకి నీరెక్కక, చెట్టు నిలువునా ఎండిపోయేది. పదేళ్ళలో తోపులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. గవ్వలపేట తోపు ఒక్కటీ ఎందుకో మిగిలింది. దాని వెనక ఇసక దిబ్బ, దిబ్బ వెనక మూడు వందల గడప. తుఫాను నెలల్లో సముద్రం మీంచి వచ్చే గాలిని మొదట ఎదుర్కునేది ఆ చెట్లే. ఆ తోపు గింజలతోనే ఇంకాస్త దూరంలో నర్సరీలో లక్ష మొక్కలు పెంచుతున్నారు. తోపుకు తెగులు తగిలిందా, గాలి దాన్ని తిన్నగా నర్సరీకి మోసుకుపోతుంది. అందుకే తోపు ఆరోగ్యం కనిపెట్టి చూడ్డానికి లేబొరేటరీ వాళ్ళు అక్కడో చిన్న క్వార్టరు కట్టి, హైమవతినీ ఆవిడ భర్త భానోజీరావునీ ఉంచారు. పద్దెనిమిదేళ్ళు ఇద్దరూ చెట్లకు నాడి చూశారు. పద్నాలుగు నెలలుగా ఆవిడ ఒక్కతే చూస్తోంది.

చెట్టు నీళ్ళు తాగేటప్పుడు మానులో సన్నని చప్పుడవుతుంది. మన చెవికి అందదు, నాడిపెట్టెకు అందుతుంది. పెట్టెకు తీగలతో రెండు బిళ్ళలుంటాయి. ఒకరు వంగి కింది బిళ్ళను మాను మొదట్లో అదిమిపట్టాలి. ఇంకొకరు నిలబడి పై బిళ్ళను తలెత్తున పట్టాలి. కింది నుంచి పైకి నీరు ఎంతసేపట్లో ఎక్కిందో, సాఫీగా ఎక్కిందో గుటకలు గుటకలుగా ఎక్కిందో పెట్టె చెబుతుంది. గుటకలు పడుతున్నాయంటే లోపల ఎక్కడో అడ్డుపడ్డట్టు, అంటే తెగులు మొదలైనట్టు. చిక్కల్లా ఏమిటంటే, ఆ పెట్టె చెవి మరీ పాము చెవి. బిళ్ళ పట్టుకున్న వాళ్ళ గుండె చప్పుడు కూడా పట్టేస్తుంది. అందుకని ఇద్దరి మణికట్లకూ చెరో పట్టీ కడతారు. పట్టీలు వాళ్ళ నాడిని పెట్టెకు చెబుతాయి. పెట్టె ఇద్దరు మనుషుల చప్పుడునూ తీసేసి, మిగిలింది చెట్టుదని లెక్క కడుతుంది. రెండు పట్టీల్లోనూ నాడి ఆడితేనే పచ్చదీపం వెలుగుతుంది, లేకపోతే పెట్టె మొరాయిస్తుంది.

భానోజీరావు పోయాక లేబొరేటరీ నుంచి డాక్టర్ గజపతి ఫోన్ చేసి, రెండో మనిషిని పంపమంటారా అని అడిగాడు. "ఇక్కడే ఒకర్ని పెట్టుకున్నాను సార్, మీరేం దిగులు పడకండి" అంది హైమవతి. అబద్ధం. ఆయన పట్టీ మరొకరి చేతికి కట్టడానికి ఆవిడకు మనసొప్పలేదు. తోలు పట్టీ అది. మూడో చిల్లు దగ్గర ఆయన మణికట్టు వాటానికి వంగిపోయి ఉండేది. కింది బిళ్ళను మానుకు తాడేసి కట్టేసింది. కుడిచేతికి తన పట్టీ, ఎడంచేతికి ఆయన పట్టీ కట్టుకుంది. పచ్చదీపం వెలిగింది. అంతే, అదే అలవాటైపోయింది.

అలా మొదలుపెట్టిన రోజే ఆవిడకు అది వినబడింది.

పెట్టె తీసేయగా మిగిలిన చప్పుడు వినిపించే గొట్టాలు చెవుల్లో పెట్టుకుని పై బిళ్ళ అదిమితే, సుయ్‌మని నీరెక్కే చప్పుడు. ఆ చప్పుడు కింద, ఎక్కడో లోపల, టప్... టప్... టప్. పద్దెనిమిదేళ్ళలో ఏ చెట్టులోనూ అలాంటిది వినలేదు. రెండో చెట్టు దగ్గర కూడా అదే. మూడో చెట్టు దగ్గరా అదే. హైమవతి గొట్టాలు తీసేసి ఇసకలో కూలబడింది. చదువుకున్న మనిషి, పెట్టె మరలన్నీ విప్పి బిగించగల మనిషి. అయినా ఆవిడకు తోచింది ఒక్కటే. ఆయన అరచెయ్యి ఆనని మాను ఈ తోపులో ఒక్కటీ లేదు. వంగి వంగి పద్దెనిమిదేళ్ళు అదిమి పట్టుకున్నాడు కదా, ఎంతో కొంత వాటికి అంటుకునే ఉంటుంది.

పిచ్చంటారని ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాత్రం ఎవరున్నారు గనక? కూరలబండి అతను వారానికోసారి వస్తాడు, అతనితో నాలుగు మాటలు. మిగతా ఆరు రోజులూ చెట్లతోనే. "ఇవాళ పులుసులో ఉప్పెక్కువైందండీ" అని చెప్పేది మానుకు నుదురానించి. "వంటింటి కిటికీ రెక్క ఊడింది, మీరుంటే సాయంత్రానికి బిగించేవారు" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా లోపల చప్పుడు వడివడిగా కొట్టుకునేది. ఆయనకూ బాధేసింది కాబోలనుకుని కొంగుతో మాను తుడిచేది.

కాని పెట్టె వేరే సంగతి చెబుతోంది. ప్రతి చెట్టుకూ అదే మాట. గుటకలు పడుతున్నాయి, తెగులు తొలిదశ. మూడుసార్లు చూసి మూడుసార్లూ అదే తేలితే చెట్టు కొట్టెయ్యాలని నియమం. మొదట ఉత్తరపు వరస చూసింది కాబట్టి మాఘంలో ఆ ముప్ఫై ఒకటీ పోయాయి. తెగులును మొగ్గలోనే పట్టుకున్నారని లేబొరేటరీ వాళ్ళు ఆవిడను మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. తోపు చుట్టూ ముళ్ళకంచె వేయించి ఊళ్ళోవాళ్ళను లోపలికి రావద్దన్నారు. హైమవతి ఆ ఉత్తరం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి, రోజంతా అన్నం ముట్టలేదు. చెట్లలో ఆయన మిగిలాడనుకుంటే, ఆ చెట్లనూ తన చేత్తోనే చంపమని రాయాల్సొచ్చింది. ఎంత ఖర్మ!

ఇప్పుడు మిగతా తోపు వంతు వచ్చింది. మంగళవారం పొద్దున్నే గజపతి ఫోన్.

"హైమవతిగారూ, మూడో విడత లెక్క రేపటికి పంపించెయ్యండి. ఎల్లుండి గురువారం మనుషులొస్తున్నారు రంపాలతో."

"అన్నీనా సార్?"

"అన్నీనమ్మా. నాకేమన్నా సరదానా? అవతల లక్ష మొక్కలు. అవి పోతే మళ్ళీ గింజ ఎక్కడ తెస్తాం, చెప్పండి."

ఆయన మాటలో తప్పేమీ లేదు. అదే ఆవిడను ఇంకా కుంగదీసింది. మధ్యాహ్నం దాకా తిరిగి తిరిగి, పట్టీలు కూడా విప్పకుండా క్వార్టరుకు వస్తుంటే, కంచె కిందనుంచి ఓ గోనెమూట బయటికొచ్చింది. మూట వెనక ఓ మనిషి పాక్కుంటూ వచ్చింది. నూకాలు. దిబ్బ పక్క వీధిలో ఉంటుంది. మొగుడు సముద్రం మీదికి వెళ్తాడు, ఆవిడ తోపులో రాలిన ఎండాకు పళ్ళకర్రతో ఊడ్చుకెళ్ళి పొయ్యిలోకి వాడుకుంటుంది, నాలుగిళ్ళకు అమ్ముతుంది కూడా. గవ్వలపేట ఆడవాళ్ళకు అది తరాల నాటి పని. కంచె వేశాక దొంగచాటు పనైంది.

"నూకాలూ! లోపలికి రావద్దన్నామా లేదా? తెగులు కాళ్ళకంటుకుని పాకుతుందని ఎన్నిసార్లు చెప్పాలి?"

నూకాలు లేచి చీరకంటిన ఇసక దులుపుకుంది. "తెగులూ లేదు, బుగ్గీ లేదు మేడంగోరూ. గురువారం ఎలాగూ కొట్టీస్తారంట కదా. ఉన్న రెండ్రోజులన్నా ఊడ్సుకోనీ."

"తెగులు లేదని నువ్వు చెప్తే సరిపోతుందా?"

"ఏం, సెప్పకూడదేటి?" మూట విప్పి, గుప్పెడు ఆకు తీసి హైమవతి ముక్కు దగ్గర పెట్టింది. "ఇదో, సూడు. ఒక్క పచ్చాకుందేటి? జబ్బు సెట్టయితే పచ్చాకు రాల్సీస్తాది. తూరుపు తోపు సచ్చిపోయినప్పుడు నాను సిన్నగుంటని. మా యమ్మా నానూ ఊడిస్తే మోపులు మోపులు పచ్చాకే. పొయ్యిలో ఎడితే ఒకటే పొగ, కళ్ళు మండిపోయీవి. ఇదైతే అగ్గిపుల్ల సూపిస్తే సాలు, గుప్పుమంటాది."

"పెట్టె చెబుతోంది కదే."

"పెట్టెకి పొయ్యి ముట్టించడం తెల్దు కదా" అని నవ్వింది నూకాలు. నవ్వుతూనే హైమవతి చేతులకేసి చూసింది. "ఒలమ్మ, అదేటి? ఆ ఎడంసేతిది మేస్టారిది కాదేటి? ఆరున్నప్పుడు ఇద్దరూ సెరోటి కట్టుకునీవోరు. నువ్వొక్కర్తివీ ఇద్దరిలాగ కట్టుకుంటే ఆ పెట్టె నమ్మీసిందేటి?"

హైమవతి చటుక్కున ఎడంచెయ్యి కొంగు కింద దాచుకుంది. నూకాలు మూట నెత్తికెత్తుకుని, ఏదో కూనిరాగం తీస్తూ దిబ్బ దిగిపోయింది. ఏదో వేళాకోళానికి అన్న మాట. కాని ఆ మాట హైమవతితోపాటు ఇంట్లోకి వచ్చింది. అన్నం వార్చేటప్పుడూ ఉంది, కంచం కడిగేటప్పుడూ ఉంది.

బుధవారం పొద్దున ఆవిడ తోపులోకి వెళ్ళలేదు. పెట్టె తెచ్చి వసారాలో పెట్టింది. వసారా కప్పును మోసేది ఓ సరుగుడు వాసం. పదహారేళ్ళ కిందట గాలికి పడిన చెట్టును భానోజీరావే చెక్కి నిలబెట్టాడు. ఎండి రాయైపోయిన కర్ర. దాంట్లో నీరెక్కేదేముంది? కింది బిళ్ళ వాసానికి కట్టి, రెండు పట్టీలూ కట్టుకుని, గొట్టాలు చెవుల్లో పెట్టుకుంది.

సుయ్‌మన్న చప్పుడు లేదు. టప్... టప్... టప్ మాత్రం ఉంది.

ఒక్క క్షణం, నిజం చెప్పొద్దూ, ఆవిడకు పట్టరాని సంతోషం కలిగింది. "ఇక్కడ కూడా ఉన్నారా" అంది పైకే. అంతలో పెరట్లో కొబ్బరిమట్ట ధబీమని పడింది. హైమవతి ఉలిక్కిపడింది. చెవిలో చప్పుడు కూడా ఉలిక్కిపడింది.

కదలకుండా నిలబడి చాలాసేపు విన్నది. గొట్టాలు తీసి కింద పెట్టి, యాభై మూడేళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఇంటి చుట్టూ మూడుసార్లు పరుగెత్తింది. రొప్పుతూ వచ్చి మళ్ళీ గొట్టాలు పెట్టుకుంది. పదహారేళ్ళ కిందట చచ్చిన కర్ర కూడా ఆవిడతోపాటు రొప్పుతోంది.

అర్థమవడానికి ఇంకేం కావాలి? పెట్టె ఇద్దరు మనుషులుంటారని నమ్మింది. రెండు పట్టీల్లోనూ ఒకే నాడి వచ్చేసరికి, ఒకటి మనిషి లెక్కలో తీసేసి రెండోది చెట్టు లెక్కలో కలిపేసింది. ఆవిడ గుండె కొట్టుకుంటే అది చెట్టు గుటకనుకుంది. తెగులూ లేదు, ఆయనా లేడు. పులుసులో ఉప్పెక్కువైందని చెప్పినప్పుడు విన్నది ఎవరో కాదు, తనే. బాధేసి వడివడిగా కొట్టుకున్నదీ తనదే. హైమవతి వాసాన్ని పట్టుకుని ఏడ్చింది. ఆయన పోయిన రోజు చుట్టాలున్నారు, పక్కాళ్ళున్నారు, ఏడవనివ్వలేదు. ఇప్పుడు ఆపేవాళ్ళెవరూ లేరు, తనివితీరా ఏడ్చింది.

ఏడ్చాక మనసు మెల్లిగా ఓ మాట చెప్పింది. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియదు కదా. నోరు మూసుకుంటే చెట్లు పోతాయి గాని, పద్నాలుగు నెలలు ఆయన నీతో ఉన్నాడన్న మాట మిగులుతుంది. నోరు విప్పితే చెట్లు మిగులుతాయి, ఆ మాట పోతుంది. ఇంత నీచంగా ఎలా ఆలోచించానని ఆవిడ తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది. కాని ఆ వసారాలో అరగంట సేపు కూర్చుని ఆలోచించిన మాట వాస్తవం.

లేచి ముఖం కడుక్కుని గజపతికి ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే... పద్నాలుగు నెలల లెక్కలూ తప్పేనా?"

"తప్పే సార్."

"మాఘంలో కొట్టించినవి?"

"అవీ ఆరోగ్యంగా ఉన్నవే అయ్యుంటాయి."

గజపతి నిట్టూర్చాడు. "విచారణ వేస్తారమ్మా. నేను ఆపలేను. సరే, అది తర్వాతి మాట. నోటిమాట మీద నేను రంపాలు ఆపలేను కదా. తోపు నలుమూలలా కలిపి నలభై చెట్లు మళ్ళీ చూడండి, నిజంగా ఇద్దరు మనుషులతో. ఇవాళ సాయంత్రం అయిదింటిలోగా పంపండి."

పెట్టె భుజానేసుకుని హైమవతి దిబ్బ దిగింది. ఉత్తరపు వరస కొట్టేశాక నూకాలు వీధిలోకి ఇసక వచ్చిపడిందని విన్నదే గాని ఎప్పుడూ చూడలేదు. అరుగులు మునిగాయి. ఓ ఇంటి తలుపు ఇసకకు ఆనుకుని సగమే తెరుచుకుంటోంది. నూకాలు గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది, ఇసక ఏరుతోంది.

హైమవతి ఆ ఇసకలోనే నిలబడి అంతా చెప్పింది. "ఆ ముప్ఫై ఒకటీ బతికుండాల్సినవే నూకాలూ. నావల్లే పోయాయి."

నూకాలు చేట ఆపింది. "అంటే నా కంచంలో ఇసక ఎట్టింది నువ్వన్నమాట."

"నేనే."

"నానింకా దేవుడనుకుని ఆణ్ణి తిట్టుకుంటన్నాను." మళ్ళీ చేట అందుకుని చెరిగింది. హైమవతి ఎండలో అలాగే నిలబడింది. కూర్చోమని అనలేదు నూకాలు. బియ్యమంతా ఏరడం అయ్యేదాకా తలెత్తలేదు. తర్వాత బియ్యం కుండలో పోసి, చేతులు దులుపుకుని, ఎడంచెయ్యి చాపింది. "కట్టు మరి. మిగిలినియ్యన్నా ఉంటాయి."

మూడో చిల్లు నూకాలు సన్నటి చేతికి వదులైంది. చివరి చిల్లు కూడా వదులే. నూకాలు లోపలికెళ్ళి మొగుడు తోలుచెప్పులు కుట్టుకునే ఆరె తెచ్చింది. "పొడవమంటావేటి?" అని హైమవతి ముఖంలోకి చూసింది. హైమవతి తలూపింది. తోలులో కొత్త చిల్లు పడింది.

తోపులో మొదటి చెట్టు దగ్గర నూకాలు గొంతుక్కూర్చుని కింది బిళ్ళ అదిమింది. పద్దెనిమిదేళ్ళు భానోజీరావు కూర్చున్న చోటు అది.

"ఊపిరి బిగబట్టాలేటి?"

"అక్కర్లేదు. మామూలుగా ఉండు, చాలు."

పచ్చదీపం వెలిగింది. హైమవతి కళ్ళు మూసుకుని వింది. సుయ్‌మని నీరెక్కుతున్న చప్పుడు, సాఫీగా, ఎక్కడా తెగకుండా. అంతకంటే ఏమీ లేదు. ఇంకాసేపు వింది, ఏమో, ఏ మూలో ఉంటుందేమోనని. లేదు.

"ఏటి ఇనబడతంది?" అంది నూకాలు కిందనుంచి.

"చెట్టు బాగుంది" అంది హైమవతి. గొట్టాలు తీసి, పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది.

వరసగా చూసుకుంటూ పోయారు. ముప్ఫై మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి నూకాలు బిళ్ళ ఆనించకముందే నేల తడిమింది. "దీనికి బాగోలేదు. సూడు, పచ్చాకు." పెట్టె కూడా అదే చెప్పింది, గుటకలు గుటకలు. నలభైలో అదొక్కటే. పద్నాలుగు నెలల్లో తెగులుందని ఆ పెట్టె చెప్పినవాటిలో మొదటి నిజం అదేనేమో.

నాలుగున్నరకు లెక్క పంపింది. రెండో మనిషి పేరు రాయాల్సిన చోట ఇన్నాళ్ళూ "స్థానిక సహాయకురాలు" అని రాసేది. ఇవాళ నూకాలు ఇంటిపేరు అడిగి మరీ రాసింది. అయిదు దాటాక గజపతి ఫోన్ వచ్చింది. రంపాలవాళ్ళను ఆపేశారు. ఒక్క చెట్టే కొడతారు, మిగతా తోపు మళ్ళీ మొదట్నుంచి చూడాలి. విచారణకు వచ్చే నెల పిలుస్తారు, ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు. "సరే సార్" అంది.

నూకాలు వసారాలో మంచినీళ్ళు తాగి లేచింది. "ఇదిప్పీమంటావేటి?" అంది పట్టీ చూపిస్తూ. "కొత్త సిల్లు కదా, బిగిసిపోనాది."

హైమవతి ఆ చేతికేసి చూసింది. ఇప్పుడు విప్పించి తీసుకుంటే, ఈ వసారాలోనే, ఈ వాసం దగ్గరే, రేపు ఎవరూ లేనప్పుడు కట్టుకుంటుంది. తనకు తను బాగా తెలుసు.

"ఉండనీ. నీ దగ్గరే ఉంచుకో. రేపు పొద్దున ఏడింటికి రా."

"ఊడ్సుకోనిస్తావా మరి?"

"ఊడ్చుకో."

"అయితే వస్తాను అప్పా" అంది నూకాలు. ఆ వైపు అక్కను అప్ప అంటారు. ఇన్నేళ్ళలో ఆవిడ అలా పిలవడం అదే మొదలు. అన్నాక కూడా ఆవిడ ముఖంలో నవ్వు లేదు. దిబ్బ దిగి ఇసక వీధిలోకి వెళ్ళిపోయింది.

హైమవతి తోపులోకి వచ్చి, మొదటి చెట్టు కింద ఎండాకు మీద కూర్చుంది. ఎడం మణికట్టు మీద పట్టీ ఉన్నచోట చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. దాని మీద కుడిచేతి బొటనవేలు ఆనించింది. టప్... టప్... టప్. అదే చప్పుడు, అదే నడక. పొద్దస్తమానం తను కబుర్లు చెప్పింది దీనికే. ఏడ్చింది దీని దగ్గరే. బెంగపడి కొట్టుకుంటుంటే ఎవరో అనుకుని కొంగుతో చెట్టును తుడిచింది.

"నువ్వటే పాపం" అంది హైమవతి. "ఇన్నాళ్ళూ ఒక్కర్తివే ఉన్నావా?"

పైన గాలికి సరుగుళ్ళు ఊగుతున్నాయి. వేలు తియ్యకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.